ఉత్తర ఐర్లాండ్ గొడవలో మతం చేసిందేమిటి?

(ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినబడుతోందా? సరే.

ఇందాక నేను లోపలికి వస్తుంటే ముందు వరుసలో కూర్చున్న ఈ అబ్బాయి నన్ను ఆపి, "మేడమ్, అక్కడ జరిగింది మత యుద్ధమా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పలేను బాబూ, అందుకే గంటసేపు అడిగాను. కానీ నీ ప్రశ్న మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లు హిస్టరీ పాఠాలు చెప్పాను, క్లాసులో ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను కూడా పుస్తకంలో ఉన్నట్టే "అది మతం పేరుతో జరిగిన రాజకీయ పోరాటం" అని డిక్టేట్ చేసేశాను. పిల్లలు రాసుకున్నారు, మార్కులు తెచ్చుకున్నారు. తర్వాత మా అమ్మాయికి ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో హాస్పిటల్ ఉద్యోగం వచ్చింది, మనవడు పుట్టినప్పుడు నేను వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. అప్పుడు తెలిసింది, ఆ వాక్యం తప్పు కాదు గానీ అందులో చెప్పాల్సినది సగం కూడా లేదని.

ముందు నేను చూసింది చెప్తాను. పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో ఫాల్స్ రోడ్ అని ఒకటుంది, అక్కడ కేథలిక్కులుంటారు. పక్కనే షాంకిల్ రోడ్, అక్కడ ప్రొటెస్టెంట్లు. రెండింటికీ మధ్య గోడ. రెండంతస్తుల మేడ కన్నా ఎత్తు, పైన మళ్లీ ఇనుప వల. 1969లో తాత్కాలికంగా అని మొదలుపెట్టారు, ఇప్పటికీ ఉంది. మధ్యలో అక్కడక్కడా గేట్లున్నాయి, పగలు తీస్తారు, రాత్రికి మూసేస్తారు. ఒక సాయంత్రం మేం కారులో వస్తుంటే గేటు మూసే టైమ్ అయింది, చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. మా అమ్మాయికి అది మామూలే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యూరప్‌లో, ఈ కాలంలో, శాంతి ఒప్పందం అయి పాతికేళ్లు దాటాక, ఒకే దేవుణ్ని, ఒకే క్రీస్తును కొలిచే రెండు వీధుల మధ్య రాత్రిపూట గేటు వేస్తున్నారంటే ఏమిటిది?

ఇంకొకటి. అక్కడ మనిషిని చూసి ఎవరో చెప్పలేం. రంగు ఒకటే, భాష ఒకటే, తిండి ఒకటే. మరి ఎలా తెలుసుకుంటారు? పేరుతో. చదివిన స్కూలుతో. ఊరి పేరు పలకడంతో కూడా, ఒకే ఊరిని కేథలిక్కులు డెర్రీ అంటారు, ప్రొటెస్టెంట్లు లండన్‌డెర్రీ అంటారు. ఆఖరికి ఇంగ్లీషు ఎనిమిదో అక్షరంతో. కేథలిక్ పిల్లలు "హెచ్" అని ఊపిరి వదిలి పలుకుతారు, ప్రొటెస్టెంట్ పిల్లలు "ఎచ్" అంటారు. ఎవరి స్కూల్లో వాళ్లకి అలా నేర్పారు. మన తెలుగువాళ్లందరం "హెచ్" అనేవాళ్లమే కదా, అంటే ఆ లెక్కలో మనందరం అటు గట్టునే పడతాం. ఒకప్పుడు, 1970లలో, చీకటి పడ్డాక తెలియని వీధిలో ఎవరైనా ఆపితే ఈ ఒక్క అక్షరం చాలు ప్రాణం మీదికి రావడానికి.

సరే, కొంచెం చరిత్రలోకి వెళ్దాం. మరీ లోతుకి వెళ్లను, భయపడకండి.

1609 నుంచి ఇంగ్లండ్ రాజు ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే అల్‌స్టర్‌లో, అక్కడి కేథలిక్ ఐరిష్ పెద్దల భూములు లాక్కుని స్కాట్లాండ్ నుంచి, ఇంగ్లండ్ నుంచి ప్రొటెస్టెంట్లను తెచ్చి కూర్చోబెట్టాడు. ఇది గుర్తుంచుకోండి, గొడవ భూమితో మొదలైంది. 1690లో బాయిన్ నది దగ్గర ప్రొటెస్టెంట్ రాజు విలియం, కేథలిక్ రాజు జేమ్స్‌ని ఓడించాడు. ఇప్పటికీ ఏటా జులై 12న ఆ గెలుపు పేరు మీద డప్పులు కొట్టుకుంటూ ఊరేగింపులు చేస్తారు. ఆ తర్వాత వచ్చిన చట్టాలు చూడండి. కేథలిక్ భూమి కొనకూడదు. 31 ఏళ్లకి మించి కౌలుకి తీసుకోకూడదు. ఆయుధం పట్టకూడదు. ఐదు పౌండ్ల కన్నా ఖరీదైన గుర్రం ఉండకూడదు. చూశారా, వాళ్ల ప్రార్థన మీద కన్నా వాళ్ల పొలం మీద, వాళ్ల గుర్రం మీద ఎక్కువ దృష్టి. అప్పటినుంచి మతం అంటే నువ్వు ఎవర్ని మొక్కుతావు అన్నది మాత్రమే కాదు, నీ కాళ్ల కింద నేల ఎవరిది అన్నది కూడా అయిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఇది చాలామంది వదిలేస్తారు. ఆ చట్టాలు ప్రెస్‌బిటేరియన్లను కూడా వేధించాయి. వాళ్లు ప్రొటెస్టెంట్లే, కానీ రాజుగారి చర్చి వాళ్లు కాదు. అందుకని 1791లో బెల్‌ఫాస్ట్‌లోనే, అవును, ఇప్పుడు గోడలున్న ఆ బెల్‌ఫాస్ట్‌లోనే, ప్రెస్‌బిటేరియన్లు ముందుండి యునైటెడ్ ఐరిష్‌మెన్ అని సంఘం పెట్టారు. కేథలిక్, ప్రొటెస్టెంట్ అని వద్దు, ఐరిష్ అంటే చాలు అన్నారు. 1798లో తిరుగుబాటు చేశారు, అణచివేతలో వేలమంది చచ్చిపోయారు. అంటే ఇది ఆ మట్టిలో పుట్టుకతో ఉన్న పగ కాదండీ. కలిసి పోరాడిన తాతల మనవలే తర్వాత విడిపోయారు.

మరి నమ్మకం సంగతి ఏమిటి? ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నేను క్లాసులో చెప్పిన ఆ వాక్యం, "మతం పేరుతో రాజకీయం", దాని ఇబ్బంది ఎక్కడుందంటే, మతాన్ని అది వట్టి ముసుగుగా చూస్తుంది. ముసుగు తీస్తే కింద రాజకీయం ఉంటుంది అంటుంది. నేను అక్కడ ఉండి, చదివి, చర్చిలకి వెళ్లి కూర్చుని అర్థం చేసుకున్నది వేరు. ప్రభువు భోజనంలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరమా కాదా అన్న దాని మీద అక్కడెవరూ ఎవర్నీ కాల్చలేదు, అది నిజమే. మన గుంటూరులో ఆర్‌సీఎం వాళ్లు, అంటే కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లయిన లూథరన్ వాళ్లు పక్కపక్కనే బతుకుతున్నారు, సిద్ధాంతం తేడాలు మనకీ ఉన్నాయి, ఎవరూ గోడ కట్టుకోలేదు. కానీ అక్కడ మతం రెండు పనులు చేసింది. చావుకి అర్థం ఇచ్చింది. మనుషుల్ని చిన్నప్పటినుంచి వేరువేరుగా పెంచింది. గొడవ భూమి నుంచి పుట్టి ఉండొచ్చు, అన్ని తరాలు నడిచింది మాత్రం ఈ రెండింటివల్లే అని నా నమ్మకం.

చావుకి అర్థం ఇవ్వడం అంటే ఏమిటో చెప్తాను. 1912 సెప్టెంబర్ 28. ఐర్లాండ్‌కి సొంత పార్లమెంటు ఇస్తారన్న మాట వచ్చింది, ఉత్తరాన ప్రొటెస్టెంట్లు భయపడిపోయారు. హోమ్ రూల్ అంటే రోమ్ రూల్, అంటే పోప్ పాలన వస్తుంది అన్నారు. ఆ రోజు ఆడామగా కలిపి నాలుగు లక్షల డెబ్బై వేలమంది సంతకాలు పెట్టారు, మగవాళ్లు ఒక కాగితం మీద, ఆడవాళ్లు దానికి మద్దతుగా ఇంకో కాగితం మీద. మగవాళ్ల కాగితానికి పెట్టుకున్న పేరు ఏమిటి? పిటిషన్ కాదు, తీర్మానం కాదు. కవనెంట్. బైబిల్ చదివినవాళ్లకి తెలుసు, మన తెలుగు బైబిల్లో నిబంధన అంటాం, దేవుడు తన ప్రజలతో చేసుకున్న నిబంధన. సంతకానికి ముందు చర్చిల్లో ప్రార్థనలు జరిగాయి. ఇప్పుడు చెప్పండి, ఓటు వేసినవాడు వచ్చే ఎన్నికలో మనసు మార్చుకోవచ్చు. దేవుడి ముందు నిబంధన చేసినవాడు ఎలా మార్చుకుంటాడు? రాజీ పడదాం అన్న మనిషి వాళ్ల కంటికి వెనకడుగు వేసినవాడిగా కనబడడు, మాట తప్పినవాడిగా కనబడతాడు.

ఇటు చూడండి. 1916. డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటు. ఏ రోజు? ఈస్టర్ సోమవారం. క్రీస్తు లేచిన పండగ మర్నాడు. దాని నాయకులు, ముఖ్యంగా పాట్రిక్ పియర్స్, తమ రక్తం చిందితే దేశం మళ్లీ లేస్తుందని నమ్మారు. పట్టుబడ్డవాళ్లలో పదిహేను మందిని కాల్చారు, ఒకరిని ఉరి తీశారు. తిరుగుబాటు జరిగినప్పుడు పట్టించుకోని జనం, ఆ చావుల తర్వాత వాళ్లని అమరవీరులుగా, దాదాపు పునీతులుగా చూశారు. ఈ చోట మన మనిషి ఒకాయన ఉన్నారు, చెప్పకుండా ముందుకి వెళ్లలేను. వి.వి. గిరి గారు. బరంపురం తెలుగు కుర్రాడు, లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. ఆయన చదివిన కాలేజీలో థామస్ మెక్‌డొనా అని లెక్చరర్ ఉండేవాడు, తిరుగుబాటు ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఒకడు, కాల్చేశారు ఆయన్ని. గిరి గారి మీద కూడా అనుమానపడి 1916లోనే దేశం వదిలి పొమ్మన్నారు. తర్వాత ఆయన మన రాష్ట్రపతి అయింది 1969 ఆగస్టు 24న. దానికి పది రోజుల ముందే, ఆగస్టు 14న, బ్రిటిష్ సైన్యం డెర్రీ వీధుల్లోకి దిగింది. ఆయనకి ఆ వార్త చదువుతుంటే ఏమనిపించి ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

1921లో దేశం విడిపోయింది. ఆరు జిల్లాలతో ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ కిందే ఉండిపోయింది, అక్కడ మూడింట రెండొంతులు ప్రొటెస్టెంట్లు. దాని మొదటి ప్రధాని జేమ్స్ క్రెయిగ్ 1934లో సభలోనే అన్నాడు, మనది ప్రొటెస్టెంట్ పార్లమెంటు, ప్రొటెస్టెంట్ రాజ్యం అని. దక్షిణాన ఏమైనా తక్కువా? 1937 రాజ్యాంగంలో కేథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం అని రాసుకున్నారు, 1972 దాకా తీయలేదు. ఒకరు ఇంకొకరికి భయం సప్లై చేశారు. ఉత్తరాన కేథలిక్కులకి ఉద్యోగాల్లో అన్యాయం, ఓట్లలో అన్యాయం, ఇళ్ల కేటాయింపులో అన్యాయం. 1968లో కాలెడన్ అనే పల్లెలో పిల్లలున్న కేథలిక్ కుటుంబాలు ఇంటి కోసం చూస్తుంటే, పెళ్లికాని 19 ఏళ్ల ప్రొటెస్టెంట్ అమ్మాయికి ఇచ్చారు ఇల్లు. పౌరహక్కుల ఉద్యమం అక్కడ రాజుకుంది. ఇంత పెద్ద మంట రగిలింది ఒక కౌన్సిల్ ఇంటి దగ్గర! ఆ తర్వాత ముప్పై ఏళ్లు. ట్రబుల్స్ అంటారు వాళ్లు. 3,500 మందికి పైగా చనిపోయారు, అది కూడా పదిహేను లక్షల జనాభా ఉన్న చోట, అంటే మన చిన్న జిల్లా ఒకటి అనుకోండి. ప్రతివాళ్లకీ తెలిసినవాళ్లెవరో పోయారు.

1976 జనవరిలో కింగ్స్‌మిల్ అనే చోట జరిగింది చెప్తాను, వినడానికి కష్టంగా ఉంటుంది. మిల్లు పని ముగించుకుని వ్యానులో ఇంటికి వెళ్తున్న పనివాళ్లని తుపాకులవాళ్లు ఆపి దింపారు. "మీలో కేథలిక్ ఎవరు?" అని అడిగారు. ఉన్నది ఒక్కడే. అంతకు ముందు రోజే ఆ చుట్టుపక్కల కేథలిక్కుల్ని చంపారు కాబట్టి, వీళ్లు అతన్ని చంపడానికే వచ్చారనుకుని, పక్కనున్న ప్రొటెస్టెంట్ తోటి పనివాళ్లు అతని చేతులు పట్టుకుని, కదలకు, చెప్పకు అని ఆపబోయారు. వచ్చినవాళ్లు అతన్ని పరిగెత్తి పొమ్మన్నారు. మిగిలినవాళ్లని కాల్చారు. పదిమంది చనిపోయారు. అతన్ని కాపాడాలని పట్టుకున్న చేతులు కూడా అందులో ఉన్నాయి. అక్కడ ఎవరి నమ్మకం ఏమిటని ఎవరడిగారండీ? అడిగింది నువ్వు ఎవరింట్లో పుట్టావని.

నిరాహార దీక్ష సంగతి మనకి ఇంకా దగ్గర. 1981, మేజ్ జైలు. ఐఆర్ఏ, అంటే బ్రిటన్ నుంచి విడిపోయి ఐర్లాండ్ ఒక్కటి కావాలని తుపాకీ పట్టిన దళం, దాని ఖైదీలు, అలాంటిదే ఇంకో దళం ఖైదీలు, మమ్మల్ని దొంగల్లా కాదు, రాజకీయ ఖైదీలుగా చూడండి అని అన్నం మానేశారు. బాబీ సాండ్స్ 66 రోజులకి, మే 5న చనిపోయాడు. చనిపోయేటప్పటికి అతను ఎంపీ, జైల్లో ఉండగానే గెలిచాడు. ఆ వేసవిలో మొత్తం పదిమంది పోయారు. పొట్టి శ్రీరాములు గారి 58 రోజులు తెలిసిన మనకి ఇది ఎలాంటి చావో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క తేడా, ఆయన అహింసావాది, వీళ్లు తుపాకీ పట్టినవాళ్లు. అయినా గోడల మీద బొమ్మల్లో వాళ్లని క్రీస్తులా గీశారు. ఆకలితో ఎండిన ఒళ్లు, గడ్డం, దుప్పటి, చేతిలో జపమాల. మరి చర్చి ఏమంది? ఇది ఆత్మహత్యా, బలిదానమా అని కేథలిక్ మతగురువుల్లోనే వాదన వచ్చింది, ఇంగ్లండ్‌లో వాళ్లొకటి అన్నారు, ఐర్లాండ్‌లో వాళ్లొకటి అన్నారు. డెనిస్ ఫాల్ అనే ఫాదర్ మాత్రం వాదన పక్కన పెట్టి తల్లుల దగ్గరికి వెళ్లాడు. స్పృహ తప్పాక డాక్టర్లని రానివ్వండమ్మా, మీ బిడ్డ బతుకుతాడు అని చెప్పాడు. ఒక్కో కుటుంబం ఒప్పుకుంది, దీక్ష ఆగింది. కొందరు అతన్ని ద్రోహి అన్నారు. నేను ఒక తల్లిగా చెప్తున్నాను, ఆ మొత్తం కథలో నాకు అందరికన్నా గొప్పగా కనబడింది ఆయనే.

రెండో పని, వేరువేరుగా పెంచడం. 1923లో లార్డ్ లండన్‌డెర్రీ అనే విద్యామంత్రి, ప్రొటెస్టెంటే, పిల్లలందరూ ఒకే బడిలో చదవాలి, మత బోధన బడి వేళల బయట ఉండాలి అని చట్టం తెచ్చాడు. ఏమైంది? కేథలిక్ బిషప్పులు వద్దన్నారు. ప్రొటెస్టెంట్ చర్చిలు వద్దన్నాయి. దేనిమీదా కలవనివాళ్లు పిల్లల్ని విడదీయడం మీద మాత్రం కలిశారు! ఆ మాట ఇప్పుడు చెప్తున్నా నాకు కోపం వస్తుంది. టీచర్ని కదా. 1981లో, అదే దీక్షల ఏడాది, కొందరు తల్లిదండ్రులు లేగన్ కాలేజ్ అని కలిసి చదివే స్కూలు పెట్టారు, 28 మంది పిల్లలతో. ఇన్నేళ్లకి కూడా అలాంటి బడుల్లో చదివేవాళ్లు నూటికి పదిమంది లేరు. ఇంక పెళ్లిళ్లు. 1908లో అమలైన రోమ్ ఆదేశం ప్రకారం కేథలిక్ ఫాదర్ ముందు జరగని పెళ్లి చెల్లదు, ఆయన ముందు చేసుకోవాలంటే పిల్లలందర్నీ కేథలిక్కులుగా పెంచుతామని మాట ఇవ్వాల్సి వచ్చేది. ప్రొటెస్టెంట్ తండ్రికి అది ఎలా వినబడుతుంది? ఈ పెళ్లి ఒప్పుకుంటే నా వంశం పోయింది అని. ఆ భయం మనకి తెలియనిది కాదు. బడి వేరు, పెళ్లి వేరు, వీధి వేరు, శ్మశానం వేరు. పక్కింటి కుర్రాడు ఎవరో తెలియనప్పుడు అతని గురించి ఏం చెప్పినా నమ్ముతాం.

ఇయాన్ పెయిస్లీ గురించి చెప్పకపోతే పూర్తి కాదు. పాస్టర్. 1951లో సొంత చర్చి, ఫ్రీ ప్రెస్‌బిటేరియన్, పెట్టాడు. 1971లో సొంత పార్టీ. 1988లో యూరోపియన్ పార్లమెంటులో పోప్ మాట్లాడుతుంటే లేచి నువ్వు క్రీస్తు విరోధివి అని అరిచాడు. ఆయన నటించలేదండీ, నిజంగా నమ్మాడు. నమ్మకం వట్టి ముసుగు అనేవాళ్లకి నేను ఆయన్నే చూపిస్తాను. అదే పెయిస్లీ 2007లో, ఎనభై దాటాక, పాత ఐఆర్ఏ కమాండర్ మార్టిన్ మెక్‌గిన్నెస్ పక్కన కూర్చుని ప్రభుత్వం నడిపాడు. ఇద్దరూ నవ్వుతూ ఉన్న ఫోటోలు చూసి జనం ఆశ్చర్యపోయారు. అంతకు ముందు పోయిన ప్రాణాల కుటుంబాలు ఆ ఫోటో చూసి ఏమనుకున్నాయో కూడా మనం ఆలోచించాలి.

ఇటు ఫాదర్లందరూ మంచివాళ్లని కూడా అనను. 1972లో క్లాడీ అనే ఊళ్లో బాంబులు పేలి తొమ్మిది మంది పోయారు. ఒక కేథలిక్ ఫాదర్ మీద అనుమానం ఉంటే, పోలీసులు, ప్రభుత్వం, చర్చి కలిసి ఆయన్ని సరిహద్దు అవతలి ఊరికి మార్చేశారని 2010లో అధికారిక నివేదిక తేల్చింది. చర్చి తన మనిషిని కాపాడుకుంది.

కానీ అదే మతం నుంచి ఇంకొకరు వచ్చారు. క్లోనార్డ్ మఠం, సరిగ్గా ఆ గోడ పక్కనే ఉంటుంది, నేను వెళ్లాను. అక్కడ ఫాదర్ అలెక్ రీడ్. 1988 మార్చిలో ఒక శవయాత్రలోకి పొరపాటున వచ్చిన ఇద్దరు బ్రిటిష్ సైనికుల్ని జనం బయటికి లాగారు, ఐఆర్ఏ వాళ్లు కాల్చేశారు. ఫాదర్ రీడ్ పరిగెత్తి ఆపబోయాడు, కుదరలేదు, చివరికి ఆ బట్టల్లేని శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నోటిలో ఊపిరి ఊది, ప్రార్థన చేశాడు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. అప్పుడు ఎవరికీ తెలియంది ఏమిటంటే, ఆ రోజు ఆయన దగ్గర ఒక కవరు ఉంది. ఐఆర్ఏ వైపు రాజకీయ పార్టీ షిన్ ఫేన్ నుంచి, తుపాకీ వద్దనే కేథలిక్ నాయకుడు జాన్ హ్యూమ్‌కి చేరాల్సిన రహస్య కాగితాలు, శాంతి చర్చలవి. ఆ కవరు మీద సైనికుడి రక్తం అంటింది. ఆయన కవరు మార్చి, అదే రోజు తీసుకెళ్లి ఇచ్చేశాడు. ఇంకెవరైనా అయితే ఆ రోజు ఇంక నావల్ల కాదనేవారు.

ఆ ముందు ఏడాది నవంబర్‌లో ఎన్నిస్కిల్లెన్ అనే ఊళ్లో ఐఆర్ఏ బాంబు పేలి పదకొండు మంది పోయారు. గోర్డన్ విల్సన్ అనే బట్టల వ్యాపారి, మెథడిస్టు, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ, శిథిలాల కింద కూతురి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్ల నర్సు ఆ పిల్ల. చనిపోయింది. ఆ సాయంత్రమే రేడియోవాళ్లతో, నాకు ఎవరి మీదా పగ లేదు, వాళ్ల కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను, ప్రతి రాత్రీ ప్రార్థిస్తాను అన్నాడు. నాకూ ఒక కూతురుంది, ఆసుపత్రిలోనే పని. నేనైతే అనగలనా? అనలేను. అక్కడా కొందరు కోప్పడ్డారు, నీ కూతురి తరఫున నువ్వు క్షమించుకో, మా వాళ్ల తరఫున మాట్లాడకు అని. వాళ్ల కోపం కూడా న్యాయమే.

1998 ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరింది. గుడ్ ఫ్రైడే. ఉత్తరాన నూటికి 71 మంది ఒప్పుకున్నారు. 2005లో ఐఆర్ఏ ఆయుధాలు పనికిరాకుండా చేస్తుంటే సాక్షిగా ఎవర్ని పిలిచారో తెలుసా? రాజకీయ నాయకుల్ని కాదు. ఫాదర్ రీడ్‌ని, హెరాల్డ్ గుడ్ అనే మెథడిస్టు పాస్టర్‌ని. ఒకరి మాట అటువాళ్లు నమ్మరు, ఇద్దరి మాట అయితే రెండువైపులా నమ్ముతారు.

మరి ఇప్పుడు? 2021 లెక్కల్లో మాకు ఏ మతమూ లేదని రాసినవాళ్లు నూటికి 17 మంది దాటారు. చర్చిలు ఖాళీ అవుతున్నాయి, నేను వెళ్లిన ఆదివారాలు అన్నీ ముసలివాళ్లే. నమ్మకం తగ్గితే గోడ కూడా తగ్గాలి కదా? 2013లో ప్రభుత్వం, 2023 కల్లా గోడలన్నీ తీసేస్తాం అంది. తీయలేదు. మా అమ్మాయి ఇంటి దగ్గర బస్ స్టాప్‌లో ఒక పెద్దావిడ పరిచయమైంది, నా వయసే ఉంటుంది. గోడ పక్క వీధిలోనే ఇల్లు. మీరు చర్చికి వెళ్తారా అని అడిగాను. ముప్పై ఏళ్లయింది మానేసి అంది. మరి ఆ గోడ తీసేస్తే అన్నాను. ఆవిడ చాలాసేపు రోడ్డు వైపు చూసి, "నేను పోయాక తీసుకోమనండి" అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

టైమ్ అయిపోయినట్టుంది. ప్రశ్నలు అడగండి. ముందు ఆ అబ్బాయికి మైకు ఇవ్వండి, మొదట అడిగింది తనే.